తేనెపెట్టెకు గాలి ఎటు నుంచి ఆడాలి? అడుగు పలక, ఫ్రేముల వాటం, తేమ లెక్క

క్లుప్తంగా: తేనెపెట్టె అడుగున జాలీ ఉండాలా, గట్టి పలక ఉండాలా? ఫ్రేములు (ఈగలు పట్టు కట్టే చట్రాలు) ద్వారానికి ఎదురుగా ఉండాలా, అడ్డంగా ఉండాలా? పైన రంధ్రం అవసరమా? ఈ మూడు ప్రశ్నలనూ విడివిడిగా చర్చించడం వల్లనే గందరగోళం పెరుగుతోంది. ఈ మూడూ కలిసి తేల్చేది ఒకటే: పెట్టెలోని నీటి ఆవిరి ఎక్కడికి పోతుంది, ఎక్కడ చల్లబడి చుక్కలుగా మారుతుంది అన్నది. పైభాగం మూసి వెచ్చగా ఉంచితే, కింద ఈదురు గాలి తగలనంతవరకు, అడుగున ఎంత తెరిచినా పెద్దగా నష్టం లేదు. పైనా కిందా తెరిస్తే మాత్రం గాలిమీద పట్టు ఈగల చేయి దాటిపోతుంది. ఫ్రేముల వాటం ప్రభావం గట్టి పలక ఉన్న పెట్టెల్లో కనిపిస్తుంది, జాలీ అడుగు ఉన్నచోట చాలావరకు మాయమవుతుంది.

పొసగని సలహాలు

తేనెటీగల పెంపకం కొత్తగా మొదలుపెట్టినవారికి మొదటి ఏడాదిలోనే పరస్పరం పొసగని సలహాలు ఎదురవుతాయి. ఏడాది పొడుగునా జాలీ తెరిచే ఉంచమని ఒకరంటారు. చలికాలంలో తెరిస్తే పిల్లపురుగులు చచ్చిపోతాయని మరొకరంటారు. పై మూతకింద పుల్ల పెట్టి సందు ఇవ్వమనేవారూ ఉన్నారు, ఆ సందును ఈగలు జిగురుతో పూడ్చేస్తుంటే దాని భావమేమిటో గమనించమనేవారూ ఉన్నారు. వీరంతా అనుభవజ్ఞులే, వీరి పెట్టెల్లో ఈగలు బాగానే ఉన్నాయి. అయితే ఒకరిది పొడి గాలి వీచే చోటు, మరొకరిది నెలల తరబడి తడి ఆరని చోటు. ఒకరి పెట్టె గోడలు మందం, మరొకరివి పలుచన. సలహా చేతులు మారుతున్నప్పుడు ఈ నేపథ్యం రాలిపోయి, విధి మాత్రమే మిగులుతోంది. అందుకే విధిని పక్కనపెట్టి ముందుగా దాని వెనక ఉన్న భౌతిక ప్రక్రియను చూడాలి.

గాలి దేనికి?

"ఊపిరాడటానికి" అనే జవాబు సగమే నిజం. పెట్టెలోని గాలి మూడు పనులు చేస్తుంది: వేడిని మోస్తుంది, కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపుతుంది, నీటి ఆవిరిని తీసుకుపోతుంది. ఈ మూడింటికీ కావలసిన గాలి ఒకే మోతాదులో ఉండదు.

పిల్లలు పెరిగే పట్ల (మైనపు గదుల పలకల) దగ్గర ఈగలు 34 నుంచి 36 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతను పట్టుదలగా నిలుపుతాయి. కార్బన్ డయాక్సైడ్ విషయంలో అవి అంత పట్టింపుగా ఉండవు. బయటి గాలిలో 0.04 శాతం ఉండే ఈ వాయువు పెట్టెలో దానికి ఎన్నో రెట్లు చేరినా తట్టుకుంటాయి, మరీ పెరిగితే రెక్కలతో విసరడం మొదలుపెడతాయి. ఈ రెండింటికన్నా పెట్టె నిర్మాణంపై ఎక్కువ ఆధారపడేది మూడోది, అంటే నీరు.

నీటి లెక్క

మకరందంలో సగానికి పైగా నీరే ఉంటుంది. పక్వమయ్యాక ఈగలు మైనంతో మూత వేసిన తేనెలో అది 18 శాతం దగ్గర ఆగుతుంది. 40 శాతం చక్కెర ఉన్న మకరందం నుంచి కిలో తేనె తయారు కావాలంటే రెండు కిలోలకు పైగా మకరందం రావాలి, అందులో ఒక కిలోకు పైగా నీరు ఆవిరై బయటికి పోవాలి. ఇక ఆ తేనెను ఈగలు తిన్నప్పుడు మరో లెక్క మొదలవుతుంది. కిలో తేనెలో సుమారు 820 గ్రాముల చక్కెరలుంటాయి. అవి ఒంట్లో ఖర్చయినప్పుడు దాదాపు 490 గ్రాముల నీరు పుడుతుంది. తేనెలో ముందే ఉన్న 180 గ్రాములు కలిపితే, కిలో తేనె తినే ఈగలు సుమారు 670 గ్రాముల నీటిని పెట్టెలోకి వదులుతాయి. దీర్ఘమైన చలికాలంలో 10 కిలోల తేనె తిన్న గూడు ఆరున్నర లీటర్లకు పైగా నీటిని ఆవిరి రూపంలో బయటికి పంపాలి.

దీనికి ఎంత గాలి కావాలి? 35 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలి ఘనపు మీటరుకు సుమారు 24 గ్రాముల ఆవిరిని మోస్తుంది. బయట 20 డిగ్రీలు, 50 శాతం తేమ ఉంటే లోపలికి వచ్చే గాలిలో సుమారు 9 గ్రాములే ఉంటాయి. అంటే లోపలికి వచ్చి బయటికి పోయే ప్రతి ఘనపు మీటరు గాలీ 15 గ్రాముల నీటిని వెంటబెట్టుకుపోతుంది. కిలో నీరు పోవడానికి 66 ఘనపు మీటర్లు చాలు. అదే బయట 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న రోజును తీసుకుంటే, వచ్చే గాలిలోనే 24 గ్రాములున్నాయి. ఎంత గాలి ఆడించినా నీరు పోదు. లోపలి తేమ 60 శాతాన్ని దాటి పెరిగాకే ఆరడం మొదలవుతుంది. అందులోనూ చిక్కుంది: 60 శాతానికి మించి తేమ ఉన్న గాలి తగిలితే మూత వేయని పక్వ తేనె తిరిగి నీటిని పీల్చుకోగలదు. ఒకే రకం పెట్టె, అంతే వెడల్పు జాలీ ఒకచోట చక్కటి చిక్కని తేనెనూ, మరోచోట పలచటి తేనెనూ ఇవ్వడానికి ఈ లెక్కే చాలావరకు కారణం. లోపం పెట్టెది కాకపోవచ్చు.

చలికాలం లెక్క ఇంకా ఆసక్తికరం. బయట 5 డిగ్రీలు, 90 శాతం తేమ అంటే మనిషికి ఎముకలు కొరికే తడి చలి. అయినా ఆ గాలిలో ఘనపు మీటరుకు ఉన్నది 6 గ్రాముల ఆవిరే. దాన్ని 35 డిగ్రీలకు వేడిచేస్తే తేమ 15 శాతానికి పడిపోతుంది. అంటే తడిగా తోచే ఆ గాలి పెట్టెలో వెచ్చబడగానే ఎడారి గాలి అవుతుంది. పైన చెప్పిన 10 కిలోల తేనె నీరు నాలుగు నెలల్లో పోవాలంటే, 15 డిగ్రీల దగ్గర పూర్తిగా తడిసిన గాలి బయటికి పోతోందనుకున్నా, రోజుకు 8 ఘనపు మీటర్లు సరిపోతాయి. సెకనుకు ఒక చిన్న కప్పెడు గాలి కూడా కాదిది. చిన్న ద్వారం ఒక్కటే ఆ పని చేయగలదు. "చలికాలం తేమ ఎక్కువ, కాబట్టి బాగా తెరవాలి" అనే వాదన ఈ అంకెల ముందు నిలవదు.

ఈగలే విసనకర్రలు

వేడి పెరిగిన సాయంత్రం ద్వారం దగ్గర కాసేపు నిలబడితే ఒక దృశ్యం కనిపిస్తుంది. దిగే పలక మీద కొన్ని ఈగలు కాళ్లు బిగబట్టి, తల ద్వారం వైపు, తోక బయటికి పెట్టి కదలకుండా నిలుస్తాయి. రెక్కలు మాత్రం కంటికి ఆనవు. ఆ వరుస ముందు చేయి పెడితే వెచ్చటి తడి గాలి, మకరందం వాసనతో సహా వేళ్లకు తగులుతుంది. చేతిని అదే ద్వారం రెండో కొసకు జరిపితే ఆ గాలి ఉండదు, అక్కడ విసిరే ఈగలూ ఉండవు.

ఇది యాదృచ్ఛికం కాదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, ద్వారంలో గాలి వెచ్చగా ఉన్నచోటే ఈగలు విసరడానికి నిలుస్తాయి. వేడి గాలి బయటికి వచ్చే చోటు అదే గనుక వాటి విసురుతో ఆ ప్రవాహం మరింత బలపడుతుంది, చల్లటి గాలి ద్వారం మిగతా భాగం నుంచి లోపలికి వెళ్తుంది. మేస్త్రీ ఎవరూ లేకుండానే ఒకే ద్వారం రాకకూ పోకకూ రెండుగా పంచుకోబడుతుంది. చిన్న ద్వారాలున్న గూళ్లలో గాలి ఊపిరిలాగా కొంతసేపు బయటికి, కొంతసేపు లోపలికి ఆడుతుందని 1987లోనే మరో అధ్యయనం చూపింది.

అన్ని జాతులదీ ఒకే పద్ధతి కాదు. ఐరోపా తేనెటీగ తల లోపలికి పెట్టి లోపలి గాలిని బయటికి లాగుతుంది. పుట్ట తేనెటీగగా పిలిచే సెరానా జాతి ఈగ తల బయటికి పెట్టి బయటి గాలిని లోపలికి తోస్తుంది. ఒక జాతి కోసం రూపొందించిన ద్వారం, అడుగు కొలతలను రెండో జాతికి యథాతథంగా వర్తింపజేసేవారు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. పెట్టె తయారీలో దీన్ని పట్టించుకోవడం అరుదు, ఇది విచారించవలసిన లోటు.

అడుగు: పలకా, జాలీనా?

1852లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అనే పెంపకందారు పేటెంటు పొందిన కదిలే ఫ్రేముల పెట్టె నుంచి చాలాకాలం అడుగంటే గట్టి చెక్క పలకే. చుట్టూ మూడు వైపుల కమ్మీలు, నాలుగో వైపు ద్వారం. తిరగేసి వాడే పలకకు ఒక పక్క లోతు తక్కువ, రెండో పక్క దాదాపు రెట్టింపు ఉండేది. చలికాలంలో లోతు తక్కువ పక్క పైకి పెడితే ఎలుకలు దూరవు, వేసవిలో లోతు పక్క పెడితే గాలి బాగా ఆడుతుంది. లోతు మరీ ఎక్కువైతే ఈగలు ఆ ఖాళీని ఊరికే ఉండనివ్వవు, ఫ్రేముల కింద అదనపు పట్లు కడతాయి. ఆరు నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల సందును దారిగా వదిలేసి, అంతకు మించిన ఖాళీని పట్లతో నింపడం వాటి స్వభావం. లాంగ్‌స్ట్రాత్ గమనించి వాడుకున్నది దీన్నే.

జాలీ అడుగు విస్తృతంగా వాడుకలోకి రావడానికి గాలికన్నా, ఈగల మీద బతికే పరాన్నజీవి వరోవా నల్లి పెద్ద కారణం. ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పుండే ఈ నల్లి ఈగ ఒంటి మీద నుంచి జారిపడితే, గట్టి పలక మీద నుంచి మరో ఈగను పట్టుకుని తిరిగి ఎక్కగలదు. మూడు మిల్లీమీటర్ల కన్నులున్న జాలీ ఉంటే అది కిందికి పోతుంది, ఈగ పోదు. వాదన చక్కగా ఉంది, కానీ ఫలితం పరిమితం. గూట్లో పిల్లలున్న కాలంలో నల్లుల్లో ఎక్కువ భాగం మూత వేసిన గదుల్లోనే ఉంటాయి, అవి రాలవు. జాలీ ఒక్కదానితో నల్లి అదుపులోకి వస్తుందని నమ్మి చికిత్స మానేయడం గూటిని చేజేతులా పోగొట్టుకోవడమే. జాలీ కింద జిడ్డు పూసిన పలక పెట్టి, రోజుకు ఎన్ని నల్లులు రాలుతున్నాయో లెక్కపెట్టడానికి మాత్రం ఇది మంచి సాధనం.

మరి వేడి సంగతి? పెట్టెలో ద్వారం వైశాల్యం చాలావరకు పదుల చదరపు సెంటీమీటర్లలో ఉంటుంది. జాలీ వైశాల్యం వెయ్యి దాటుతుంది. ఇంత పెద్ద కన్నం ఉంటే వేడంతా పోదా? బోర్లించిన కుండను తలచుకుంటే జవాబు దొరుకుతుంది. వేడి గాలి తేలిక, నీటి ఆవిరి కలిసిన గాలి ఇంకా తేలిక. పైభాగం గట్టిగా మూసి ఉంటే ఆ గాలి కింది వైపు తెరిచి ఉన్నా పైనే నిలుస్తుంది. నెమ్మదైన వాతావరణంలో జాలీ అడుగున్న పెట్టె అంతగా చల్లబడకపోవడానికి కారణం ఇదే.

కుండను కదిపేది ఈదురు గాలి. పెట్టె లోపల, బయట 15 డిగ్రీల తేడా ఉండి, అర మీటరు ఎత్తున్న గూట్లో వేడివల్ల పుట్టే ఒత్తిడి తేడా సుమారు 0.3 పాస్కల్. గంటకు 11 కిలోమీటర్ల వేగంతో వీచే మామూలు గాలి ఒత్తిడి 5 పాస్కల్ పైన. అంటే పెట్టె లోపలి వేడికన్నా బయటి పిల్లగాలికే బలం పదిహేను రెట్లకు పైగా ఎక్కువ. జాలీ అడుగున్న పెట్టెను ఎత్తైన స్టాండు మీద, నాలుగు వైపులా గాలి దూసుకుపోయే చోట పెట్టినవారికీ, కింద గడ్డి గాని అట్ట గాని చాటు ఉన్న చోట పెట్టినవారికీ అనుభవం వేరువేరుగా ఉండటం అందుకే సహజం. జాలీ మంచిదా చెడ్డదా అని అడిగే ముందు, దాని కింద గాలి కదులుతోందా అని అడగాలి.

జాలీకి మరికొన్ని చిక్కులున్నాయి. కింది పలకను నెలల తరబడి శుభ్రం చేయకపోతే రాలిన మైనపు పొట్టులో మైనపు పురుగు పెరుగుతుంది. వాసన కిందినుంచి కూడా బయటికి వస్తుంది గనుక దోపిడీ ఈగలు (తేనె దోచుకోవడానికి వచ్చే పరాయి గూళ్ల ఈగలు) ద్వారం వదిలి జాలీ కింద మూగుతాయి. కొన్నిసార్లు సొంత ఈగలే, అరుదుగా రాణి కూడా, తనిఖీ తర్వాత జాలీ కిందికి చేరి అక్కడే గుంపుకడతాయి.

ఫ్రేముల వాటం

ఫ్రేముల కొసలు ద్వారం వైపు ఉండేలా, ద్వారానికి లంబంగా పేర్చడాన్ని ఐరోపా పెంపకందారులు చల్లని వాటం అంటారు. ద్వారానికి సమాంతరంగా, అడ్డుతెరల్లా పేర్చడం వెచ్చని వాటం. మొదటి పద్ధతిలో ద్వారంలోంచి తొంగిచూస్తే పట్ల మధ్య సందులన్నీ వెనక గోడదాకా సూటిగా కనిపిస్తాయి. రెండో పద్ధతిలో మొదటి పట్టే చూపుకు అడ్డు నిలుస్తుంది. వచ్చే గాలి దాన్ని తాకి పక్కలకో కిందికో మళ్లాలి. పేర్లు అలా పుట్టాయి. బ్రిటిష్ నేషనల్ వంటి చదరపు పెట్టెను తిప్పి ఎలాగైనా పెట్టుకోవచ్చు. లాంగ్‌స్ట్రాత్ పెట్టె దీర్ఘచతురస్రం కావడంతో సాధారణంగా చల్లని వాటమే స్థిరపడింది.

వాటాన్ని బట్టి గూటి అమరిక మారుతుంది. ఈగలు పిల్లలను ద్వారానికి దగ్గరగా, తేనెను దూరంగా ఉంచడానికి మొగ్గుచూపుతాయి. చల్లని వాటంలో ప్రతి పిల్లల ఫ్రేములోనూ ముందువైపు పిల్లలు, వెనకవైపు తేనె చేరతాయి. వెచ్చని వాటంలో ముందు ఫ్రేములు పిల్లలవి, చివరి ఫ్రేములు తేనెవి అవుతాయి. పెట్టె వెనక నిలబడి, ఈగల రాకపోకలకు అడ్డు రాకుండా, తేనె ఫ్రేముల నుంచి మొదలుపెట్టి తనిఖీ చేయడానికి ఈ రెండోది హాయి. అంతకుమించి, ఒక వాటంలో తేనె దిగుబడి పెరుగుతుందనే మాటకు గట్టి ఆధారం లేదు. ఈగలకే ఒక వాటం మీద స్థిరమైన పట్టుదల ఉంటే తొర్రల్లో అది కనిపించాలి. కానీ కొత్త గూట్లో పట్ల దిశను నిర్ణయించడంలో భూ అయస్కాంత క్షేత్రానికి పాత్ర ఉందనీ, తల్లి గూట్లోని దిశనే కొత్త గుంపు అనుసరించే ధోరణి ఉందనీ 1970, 80 దశకాల ప్రయోగాలు సూచించాయి. ద్వారం ఎటుందన్నది అందులో ప్రధానం కాదు.

వాటం నిజంగా పట్టించుకోవలసిన చోటు వేరే ఉంది, అది పెట్టె వాలు. గట్టి పలక మీద వాన నీరు నిలవకుండా పెట్టెను కొద్దిగా ముందుకు వంచడం పాత అలవాటు. 46 సెంటీమీటర్ల లోతున్న పెట్టె ముందు భాగం ఒక సెంటీమీటరు దిగిందనుకుందాం. చల్లని వాటంలో ఫ్రేము తన పొడుగు దిశలో వాలుతుంది, పట్టు నిలువుగానే ఉంటుంది. వెచ్చని వాటంలో ఫ్రేములన్నీ ముందుకు ఒరుగుతాయి. పక్క కమ్మీలు ఒకదానికొకటి ఆని ఉంటాయి గనుక ఏ ఫ్రేమూ విడిగా నిలువుకు సర్దుకోలేదు. 225 మిల్లీమీటర్ల ఎత్తున్న పట్టు కింది అంచు, నిట్టనిలువు గీత నుంచి దాదాపు 5 మిల్లీమీటర్లు తప్పుతుంది. ఈగలు పట్టు కట్టేది గురుత్వాకర్షణను బట్టి, దారానికి కట్టిన గుండు వేలాడినట్టు నిట్టనిలువుగా. మైనపు పలక లేని ఫ్రేములిస్తే పట్టు కింది కమ్మీ మధ్యకు చేరకుండా దాని అంచుకు పోతుంది. పక్క పట్టుతో ఉండవలసిన సందు కేవలం ఒక సెంటీమీటరే కాబట్టి ఒకచోట ఇరుకు, మరోచోట వెడల్పు ఏర్పడతాయి. తీసేటప్పుడు పట్లు రాసుకుంటాయి, రాణి నలిగే ప్రమాదమూ ఉంటుంది.

జాలీ అడుగుకు వాలే అక్కర్లేదు, నీరు దానంతట అదే పోతుంది. పైగా గాలి ప్రతి సందులోకీ కిందినుంచే చేరుతుంది కాబట్టి మొదటి పట్టు అడ్డుతెరగా పనిచేయడం కూడా దాదాపు ఆగిపోతుంది. ఒకప్పుడు పెద్ద చర్చగా నడిచిన చల్లని, వెచ్చని వాటాల వివాదం జాలీ వచ్చాక పని సౌలభ్యం సంగతిగా మిగిలింది.

పై మూత దగ్గరే అసలు చిక్కు

35 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలి 26 డిగ్రీలకు చల్లబడితే నీరు చుక్కకట్టడం మొదలవుతుంది. పలుచటి రేకు మూత చలికాలపు రాత్రి అంతకన్నా ఎంతో చల్లగా ఉంటుంది. చుక్కలు సరిగ్గా ఈగల గుంపు మీద పడతాయి. దీనికి రెండు మందులు చెబుతారు: పైన రంధ్రం పెట్టి ఆవిరిని బయటికి పంపడం, లేదా మూతకింద మందమైన వేడినిరోధక పొర వేసి ఆ ఉపరితలాన్ని వెచ్చగా ఉంచడం. మొదటిది కుండకు పైన చిల్లు పెట్టడం. కింద జాలీ కూడా ఉంటే పెట్టె పొగగొట్టంలా మారి, ఆవిరితోపాటు వేడినీ ఎగదోస్తుంది. ఆ వేడిని మళ్లీ పుట్టించడానికి ఖర్చయ్యేది తేనే, తేనె ఖర్చయితే పుట్టేది మళ్లీ నీరే. రెండో మందులో నీరు చుక్కకట్టక తప్పకపోతే అది చల్లటి పక్క గోడల కింది భాగంలోనో అడుగునో జరుగుతుంది, ఈగల మీద కాదు. భౌతికంగా ఇదే సరైన దారి.

చెట్టు తొర్ర ఈ మాటకే సాక్ష్యం చెబుతుంది. తేనెటీగల పరిశోధకులు థామస్ సీలీ, రోజర్ మోర్స్ 1970 దశకంలో అడవి గూళ్లను పరిశీలించినప్పుడు ఎక్కువగా 30 నుంచి 60 లీటర్ల తొర్రలు, ఎక్కువగా అడుగు దగ్గర ఉండే చిన్న ద్వారాలు కనిపించాయి. లోపలి గోడలు జిగురు పూతతో నిండి ఉండేవి. మందమైన చెట్టు గోడతో పోల్చితే వాడుకలోని చెక్క పెట్టెల నుంచి వేడి నాలుగు నుంచి ఏడు రెట్లు ఎక్కువగా పోతుందని 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనం లెక్కకట్టింది.

ఎండలో, ప్రయాణంలో

బయట 35 డిగ్రీలు దాటాక లెక్క తిరగబడుతుంది. అప్పటినుంచి లోపలికి వచ్చే ప్రతి గాలి తెరా వేడినే మోసుకొస్తుంది. చల్లదనం ఇచ్చేది ఈగలు పట్ల మీద పలచగా పరిచే నీటి పొర ఆవిరి కావడమే. జర్మన్ శాస్త్రవేత్త మార్టిన్ లిండావర్ ఇటలీలోని లావా నేల మీద, మండుటెండలో ఉంచిన గూడు నీళ్లు దొరికినంత కాలం లోపల 35 డిగ్రీల దగ్గరే నిలిచింది. కాబట్టి వడగాడ్పులో నీడ, దగ్గర్లో నీరు, వేడి దిగనివ్వని మూత ముందు. అదనపు కన్నాలు తర్వాత. మైనం కరిగేది 62 డిగ్రీలు దాటాకే అయినా 40 దాటగానే మెత్తబడుతుంది, తేనె బరువుతో ఉన్న పట్లు జారుతాయి.

రవాణాలో మాత్రం జాలీకి సాటి లేదు. ద్వారం మూసేసరికి ఈగలు కంగారుపడి వేడెక్కుతాయి, గట్టి పలక ఉంటే గంటల్లోనే గూడు మొత్తం పోవచ్చు. అప్పుడు పైనా కిందా జాలీ అవసరమే. ఫ్రేములు వాహనం సాగే దిశకు సమాంతరంగా ఉంటే బ్రేకు పడినప్పుడు పట్లు ఒకదానికొకటి కొట్టుకోవు. వాటం ప్రాణం మీదికి వచ్చే సందర్భం ఇదొక్కటే.

కింది పలక చెప్పేది

పెట్టె తెరవకుండానే ఈ అమరిక ఎలా ఉందో చూడటానికి జాలీ కింది పలకను మూడు రోజులు లోపల ఉంచి బయటికి లాగితే చాలు. దాని మీద మైనపు పొట్టు చారలు చారలుగా, పట్ల మధ్య సందులకు సరిగ్గా కింద రాలి ఉంటుంది. ఎన్ని చారలుంటే ఈగలు అన్ని సందుల్లో ఉన్నాయి. చారలు పొడుగ్గా, ముదురు రంగులో ఉన్నచోట పిల్లలు బయటికొస్తున్నాయి. నీటి చుక్కల మరకలు ఆ చారల మధ్యే ఉంటే మూత చల్లబడుతోంది, పలక అంచుల్లోనే ఉంటే పైభాగం వెచ్చగా ఉంది. చారలన్నీ గాలి వచ్చే వైపు నుంచి ఒక మూలకు జరిగిపోతే, జాలీ కింద చాటు కట్టవలసిన సమయం వచ్చింది.